అయిదు నిమిషాల్లో అందాల్సిన సూదిమందు
ఒంటికి పడనిది తగిలి ఊపిరి ఆడనప్పుడు ఆదుకునేది అడ్రినలిన్ ఒక్కటే. అది ఎక్కడుందో, ఎలా ఉందో ముందే చూసుకోవాలి

గరివిడి : ఎండలు ముదిరే వేళకు ఈ చుట్టుపక్కల తోటల్లో మామిడికాయల కోత, జీడిపిక్కల ఏరుడు మొదలవుతాయి. కొమ్మల మాటున కందిరీగల గూళ్లుంటాయి. కొమ్మ కదిలిందంటే ఒకటో రెండో వచ్చి కుడతాయి. చాలామందికి కుట్టినచోట వాచి, మంట పుట్టి, సాయంత్రానికి తగ్గిపోతుంది. కాస్త సున్నం రాసుకుని మళ్లీ పనిలో పడతారు. ఎవరో ఒకరికి మాత్రం అలా తగ్గదు. అరచేతులు, అరికాళ్లు దురద పెడతాయి. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పెదవులు, కనురెప్పలు ఉబ్బుతాయి. గొంతు బిగుసుకుని మాట బొంగురుపోతుంది. పిల్లికూతలతో ఆయాసం వస్తుంది. వాంతి అవుతుంది, కళ్లు తిరుగుతాయి, నాడి అందదు. ఇదంతా కొద్ది నిమిషాల్లోనే జరిగిపోతుంది.

పక్కనున్నవారు "విషం ఎక్కింది" అనుకుంటారు. కానీ ఒక్క కందిరీగ విషానికి మనిషిని చంపేంత శక్తి లేదు. ఆ కాస్త విషాన్ని పెద్ద శత్రువుగా పొరబడి శరీరమే తన మీద తాను తిరగబడుతుంది. దీన్నే వైద్యులు అనాఫిలాక్సిస్ అంటారు. కందిరీగ, తేనెటీగ కుట్టినప్పుడే కాదు, పడని మందు సూది వేసినప్పుడు, పడని తిండి తిన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. "ఇంజక్షన్ వికటించింది" అని పత్రికల్లో వచ్చే వార్తల్లో కొన్నింటి వెనుక ఉన్నది ఇదే.

దీనికి మందు ఉంది. ఖరీదైనదీ కాదు, కొత్తదీ కాదు. గాజు బుడ్డిలో ఒక మిల్లీలీటరు ఉండే అడ్రినలిన్ కొద్ది రూపాయలకే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అది ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన మందు అది. అయినా ప్రాణాలు పోతున్నాయంటే మందు లేక కాదు, వేళకు అందక.

5, 15, 30

ఇంగ్లండులో ఇలా పోయిన ప్రాణాల వివరాలను పంఫ్రే అనే వైద్యుడు సేకరించి 2000 సంవత్సరంలో ప్రచురించారు. మందు తగిలింది మొదలు గుండె ఆగేదాకా ఎంతసేపు పట్టిందని ఆయన లెక్క చూశారు. సగటున చెప్పుకోవాలంటే, సూది ద్వారా ఎక్కించిన మందు వికటించినప్పుడు 5 నిమిషాలు, కీటకం కుట్టినప్పుడు 15 నిమిషాలు, తిండి పడనప్పుడు 30 నిమిషాలు పట్టింది.

ఈ మూడు అంకెలనూ మన దారుల మీద పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. మాంగనీసు గనులతోనూ, ఫెర్రో అల్లాయిస్ కర్మాగారంతోనూ పేరు పడిన గరివిడి రైలు మార్గం మీదే ఉంది. చీపురుపల్లి ఆసుపత్రి పక్కనే ఉంది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. రోడ్డు మీదున్న ఊరికి ఇవన్నీ దగ్గరే. కానీ తోటలోనో, గట్ల నడుమ పొలంలోనో కుప్పకూలిన మనిషిని మోటారు సైకిలు మీద మధ్యన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కేసరికే పదిహేను నిమిషాలు గడిచిపోతాయి. విజయనగరం పెద్దాసుపత్రి సంగతి సరేసరి. పెద్ద డాక్టర్లున్నా, పెద్ద యంత్రాలున్నా, దూరాన ఉన్న వైద్యం ఈ జబ్బుకు అక్కరకు రాదు. దగ్గరున్న చిన్న గాజు బుడ్డే అక్కరకొస్తుంది.

అన్నింటికన్నా తక్కువ వ్యవధి, అయిదు నిమిషాలు, సూదిమందు వికటించినప్పుడే అన్నది గమనించాలి. అంటే మనిషి ఆసుపత్రిలోనో, మందు వేసినవారి ఎదుటనో ఉండగానే ఆపద వస్తుంది. సూది వేసే చోట అడ్రినలిన్ లేకపోతే ఇక దానికి తోవ లేదు.

ఆవు గ్రంథి నుంచి గాజు బుడ్డి దాకా

ఈ జబ్బుకు పేరు పెట్టినవారు ఫ్రాన్సు శాస్త్రవేత్తలు రిషే, పోర్టియే. సముద్రంలో దొరికే ఒక జీవి విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఎక్కిస్తే అవి తట్టుకునే శక్తి పెంచుకుంటాయని వారు అనుకున్నారు. తీరా చూస్తే, మొదటిసారి తట్టుకున్న కుక్క కొన్ని వారాల తర్వాత అంతకన్నా తక్కువ మోతాదుకే నిమిషాల్లో చచ్చిపోయింది. రక్షణ పెరగడానికి బదులు తలకిందులైందన్న అర్థంలో 1902లో ఆ పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. "పోయినేడు కుట్టినప్పుడు ఏమీ కాలేదు కదా" అనే ధీమా ఎందుకు పనికిరాదో ఆ కుక్కల కథే చెబుతుంది.

అదే రోజుల్లో అమెరికాలో ఉన్న జపాను రసాయన శాస్త్రవేత్త తకమినె పశువుల మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్‌ను శుద్ధి చేసి తీశారు. 1901లో ఆ సంగతి లోకానికి తెలిసింది. భయం వేసినప్పుడు గుండె దడదడలాడేది మన ఒంట్లో పుట్టే ఈ పదార్థం వల్లనే. సూది ద్వారా ఎక్కినప్పుడు ఇది సడలిపోయిన రక్తనాళాలను బిగించి పడిపోయిన రక్తపోటును లేపుతుంది, గొంతు వాపు దించుతుంది, మూసుకుపోతున్న గాలి గొట్టాలను తెరుస్తుంది, గుండెకు ఊతమిస్తుంది. నాలుగు పనులూ ఒక్కసారి చేసే మందు మరొకటి లేదు.

ఇప్పుడు దాన్ని కర్మాగారాల్లోనే తయారు చేస్తున్నారు. మనుషులకే కాదు, సూదిమందు వికటించిన పశువుకూ పశువైద్యులు వేసేది ఇదే. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉన్న గరివిడిలో ఈ మాట కొత్త కాదు.

బిళ్ల చాలదు

దద్దుర్లు కనబడగానే సిట్రిజిన్ బిళ్ల మింగించి చూద్దామనుకోవడం మన అలవాటు. ఆ బిళ్ల దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది. గొంతు వాపునూ, పడిపోయే రక్తపోటునూ ఆపలేదు. అది పని మొదలుపెట్టేసరికే అరగంట పైగా పడుతుంది. స్టెరాయిడ్ సూది పనిచేయడానికి గంటలు కావాలి. ఇవి తర్వాత ఇవ్వదగ్గ మందులే గాని ముందు ఇవ్వవలసినవి కావు. దద్దుర్లు తగ్గుతున్నాయి కదా అని ఎదురుచూసే లోపల ఊపిరి ఆగిపోవచ్చు. కొందరికి దద్దుర్లు లేవకుండానే ఆయాసం, స్పృహ తప్పడం వస్తాయని కూడా గుర్తుంచుకోవాలి.

మామూలు ఎలర్జీకీ దీనికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. చర్మం మీద దద్దుర్లు, దురద మాత్రమే ఉంటే బిళ్లతో సరిపోతుంది. వాటికి తోడు ఊపిరి కష్టమైనా, గొంతు మారినా, కళ్లు తిరిగినా, ఆగకుండా వాంతులైనా అది అడ్రినలిన్ వేయవలసిన సమయం. పసిపిల్లలు తమ బాధ చెప్పుకోలేరు. ఉన్నట్టుండి నీరసించి వాలిపోవడం, గొంతు బొంగురుపోయి ఏడవడం, పాలిపోవడం వారిలో కనిపించే గుర్తులు.

తొడకే ఎందుకు ?

అడ్రినలిన్‌ను తొడ నడిమి భాగంలో బయటివైపు కండలోకి వేస్తారు. జబ్బకు వేసినదాని కంటే, చర్మం కింద వేసినదాని కంటే అక్కడినుంచి త్వరగా రక్తంలో కలుస్తుంది. బుడ్డిలో ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. పెద్దవారికి మామూలుగా అందులో సగం, అంటే అర మిల్లీలీటరు వేస్తారు. పిల్లలకు బరువును బట్టి లెక్క కట్టి తగ్గిస్తారు. గుణం కనిపించకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండోసారి వేస్తారు. ఇదంతా శిక్షణ పొందినవారి పని. ఇదే మందును పొరపాటున నరానికి ఎక్కిస్తే గుండెకు ప్రమాదం. తొడ కండలోకి సరైన మోతాదులో వేసినప్పుడు కాసేపు గుండె దడ, చేతులు వణకడం, తలనొప్పి ఉంటాయి గాని అవి తగ్గిపోతాయి. ఆ దడకు భయపడి మందు ఆలస్యం చేయడమే అసలు ప్రమాదం.

విదేశాల్లో ఇలాంటి జబ్బున్నవారు పెన్ను ఆకారంలో ఉండే సూదిని జేబులో పెట్టుకు తిరుగుతారు. అందులో మోతాదు ముందే నింపి ఉంటుంది. మూత తీసి, తొడకు ఆనించి గట్టిగా నొక్కితే లోపలి స్ప్రింగు సూదిని దింపుతుంది, బట్టల పైనుంచి కూడా దిగుతుంది. సైనికుల కోసం చేసిన పరికరాన్ని మార్చి తయారుచేసిన ఈ పెన్నుకు అమెరికా ప్రభుత్వం 1987లో అనుమతి ఇచ్చింది. అక్కడ దాని ధర వందల డాలర్లు. మన మందుల షాపుల్లో అది సాధారణంగా దొరకదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లల సంచుల్లో మాత్రం అప్పుడప్పుడు కనబడుతుంది. అలాంటి పిల్లలున్న ఇంట్లో పెద్దలు దాన్ని వాడే పద్ధతి ముందే నేర్చుకోవాలి. పెన్ను రెండు చివరల్లో సూది వచ్చే వైపు ఏదో తెలియక, అటు బొటనవేలు పెట్టి నొక్కి, వేలికే సూది దింపుకున్నవారు ఎందరో ఉన్నారు.

మన దగ్గర మిగిలేది గాజు బుడ్డి, సిరంజి. డాక్టరు రాసిచ్చి, చేసి చూపించి ఇంటికి పంపిన సందర్భాల్లో కూడా కంగారులో అది అనుకున్నంత సులువు కాదు. కెనడా వైద్యురాలు ఎస్టెల్ సైమన్స్ బృందం 2001లో ఒక పరీక్ష పెట్టింది. బుడ్డి పగలగొట్టి పసిపిల్లకు సరిపడే మోతాదు సిరంజిలోకి లాగమంటే తల్లిదండ్రులకు సగటున 142 సెకన్లు పట్టింది. డాక్టర్లకు 52 సెకన్లు, అత్యవసర విభాగం నర్సులకు 29 సెకన్లు పట్టింది. తల్లిదండ్రులు లాగిన మోతాదుల్లో ఒకరికీ ఒకరికీ పొంతన లేదు. ఆపద లేని వేళ, నింపాదిగా కూర్చుని చేసిన పరీక్షలోనే ఇలా అయింది.

అందుకని కొన్ని దేశాల్లో డాక్టర్లు ముందుగానే సిరంజిలో సరైన మోతాదు నింపి, మూత పెట్టి, తేదీ రాసి ఇస్తున్నారు. థాయిలాండ్ వైద్యులు పరీక్షించి చూస్తే అలా నింపినది మూడు నెలల వరకు చెడలేదని తేలింది. ఆ తర్వాత పారేసి కొత్తది నింపించుకోవాలి. ఇది డాక్టరు చేతి మీదుగా జరగవలసిన ఏర్పాటే గాని ఎవరికి వారు షాపులో కొని చేసుకునే పని కాదు.

ఎండా, వెలుతురూ దానికి శత్రువులు

అడ్రినలిన్ సున్నితమైన మందు. గాలి, వెలుతురు, వేడి తగిలితే బలం తగ్గిపోతుంది. గాజు బుడ్డిని అట్టపెట్టెలోంచి తీసి విడిగా ఉంచకూడదు. చాలా పెట్టెల మీద 25 డిగ్రీలకు మించని చోట, వెలుతురు పడకుండా, గడ్డకట్టకుండా ఉంచమని రాసి ఉంటుంది. వేసవిలో నలభై డిగ్రీలు చూసే మన ఊళ్లలో ఆ మాట నిలబెట్టడం తేలిక కాదు.

పెట్టకూడని చోట్లు ముందు తెలుసుకోవాలి. కిటికీ గూట్లో, పొయ్యి పక్కన, టీవీ మీద, రేకుల కప్పు కింద అటక మీద పెట్టకూడదు. మోటారు సైకిలు పెట్టెలో, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. చొక్కా జేబులో పెట్టుకుని ఎండలో తిరగకూడదు. చల్లగా ఉంటుంది కదా అని ఫ్రిజ్‌లో ఐసు గట్టే అరలో పెట్టడం మరీ తప్పు. గడ్డకట్టిన మందు పనికిరాదు. పెన్ను సూదిని ఫ్రిజ్‌లో ఏ అరలోనూ పెట్టకూడదు. గాజు బుడ్డి సంగతి పెట్టె మీద రాసిన దాన్ని బట్టి, మందుల షాపువారిని అడిగి నిర్ణయించుకోవాలి.

ఫ్రిజ్ లేని ఇంట్లో, కరెంటు పోయే ఊళ్లో కుండ ఉపయోగపడుతుంది. చక్కెర జబ్బు ఉన్నవారు ఇన్సులిన్ బుడ్డిని తడి కుండలో దాచుకునే పద్ధతి పల్లెలకు తెలిసినదే. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మందు పెట్టెను నీళ్లు చొరబడని డబ్బాలో మూతపెట్టి ఆ చిన్న కుండలో ఉంచితే బయటికన్నా చల్లగా ఉంటుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువైన రోజున మాత్రం నీరు త్వరగా ఆవిరి కాక కుండ అంతగా చల్లబడదు. ఇంటి మొత్తంలో చల్లని మూల ఏదో చూసి అక్కడ పెట్టుకోవాలి.

మందు చెడిందో లేదో కంటికే తెలుస్తుంది. మంచి అడ్రినలిన్ నీళ్లలా తేటగా ఉంటుంది. గులాబీ రంగు, గోధుమ రంగు తిరిగినా, అడుగున మడ్డి కనబడినా పనికిరాదు. రంగు మారకపోయినా బలం తగ్గి ఉండవచ్చు గనుక గడువు తేదీ కూడా చూడాలి. నెలకొకసారి, పెన్షన్లు ఇచ్చే రోజునో, బియ్యం తెచ్చుకునే రోజునో, పెట్టె తీసి చూసే అలవాటు చేసుకుంటే మరపు ఉండదు. ప్రాణం మీదికి వచ్చిన వేళ చేతిలో ఉన్నది గడువు దాటినదొక్కటే అయి, అది తేటగా ఉంటే, ఏమీ వేయకపోవడం కంటే అది వేయడమే మేలని వైద్యులు అంటారు. కొత్తది కొనకపోవడానికి దాన్ని సాకుగా తీసుకోరాదు.

అంబులెన్సు వచ్చేలోగా

మొదటి పని 108కి ఫోను చేయడం. 2005లో మొదలైన ఈ సర్వీసు అంబులెన్సులో శిక్షణ పొందిన మనిషి ఉంటారు. "కందిరీగ కుట్టింది" అని మాత్రమే చెబితే సరిపోదు. "ఊపిరి ఆడటం లేదు, స్పృహ తప్పుతున్నాడు" అని చెప్పాలి.

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వవచ్చు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. "నడిస్తే తేరుకుంటాడు" అని లేపి నిలబెట్టడం, నడిపించడం ప్రాణాంతకం. రక్తపోటు పడిపోయిన మనిషి నిలువునా లేచేసరికి గుండెకు రక్తం చేరక అక్కడికక్కడే పోయిన సందర్భాలున్నాయి. తేనెటీగ ముల్లు ఒంట్లో ఉండిపోతుంది. గోటితోనైనా సరే వెంటనే లాగేయాలి. కందిరీగ ముల్లు వదలదు. పసర్లు పూస్తూ, మంత్రం వేయిస్తూ కూర్చుంటే ఆ పదిహేను నిమిషాలూ అక్కడే ఖర్చయిపోతాయి.

మందు పడి తేరుకున్నాక ఇంటికి వెళ్లిపోదామనడం కూడా తగదు. అడ్రినలిన్ బలం కొద్దిసేపే ఉంటుంది. కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. కనీసం కొన్ని గంటలైనా ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలి.

ఎక్కడెక్కడ ఉండాలి ?

2021లో కోవిడ్ టీకా వేయించుకున్నవారిని అరగంట సేపు కుర్చీల్లో కూర్చోబెట్టిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎందుకని చాలామంది విసుక్కున్నారు. టీకా పడక అనాఫిలాక్సిస్ వస్తే కనిపెట్టడానికే ఆ అరగంట. ఆ గదిలోనే ఒక పెట్టెలో అడ్రినలిన్ బుడ్డీ, సిరంజీ, వయసును బట్టి మోతాదు పట్టికా ఉండేవి. పసిపిల్లలకు టీకాలు వేసే ఎ.ఎన్.ఎం.ల దగ్గరా అలాంటి పెట్టె ఉండాలి. అనుమానం కలిగితే తొడకు ఒక మోతాదు వేసి పెద్దాసుపత్రికి పంపడానికి వారికి అనుమతి ఉంది.

వానాకాలం వస్తే ఈ మందు అవసరం మరో రకంగా పెరుగుతుంది. పొలాల్లో తాచు, కట్లపాము, రక్తపింజర కరిచినవారికి ఎక్కించే విషం విరుగుడు మందును గుర్రాల రక్తం నుంచి తయారు చేస్తారు. అది కొందరి ఒంటికి పడదు. అందుకే విరుగుడు మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ సిరంజిలో నింపి పక్కన పెట్టుకోవాలని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఒకటి ఉండి రెండోది లేని ఆసుపత్రి సగం ఆసుపత్రే.

బడిలో కూడా ఒక మాట ఉంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. 2020లో వేరుసెనగ చిక్కీ కూడా చేరింది. పిల్లల్లో చాలామందికి ఇవి బలం. ఏ ఒక్కరికో పడకపోవచ్చు. గుడ్డు, వేరుసెనగ, రొయ్యలు, జీడిపప్పు తిన్నప్పుడు బిడ్డకు పెదవులు ఉబ్బాయని, ఆయాసం వచ్చిందని తెలిసిన తల్లి ఆ సంగతి పంతులు గారికి చెప్పాలి. పంతులు గారు రిజిస్టరులో రాసుకోవాలి. పడని మందు పేరు కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో పాటు దగ్గర ఉంచుకోవడం పెద్దలకూ మంచిది. "ఏదో తెల్ల మందు పడలేదు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు.

తాళంచెవి ఎవరి దగ్గర ?

మందు ఉన్నా అందని చోట్లు కొన్ని ఉంటాయి. బీరువాలో భద్రంగా పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి ఉన్నవారు సెలవులో ఉంటారు. లేదా మందు ఒక గదిలో, సిరంజి మరో గదిలో ఉంటాయి. పెట్టె ఉంటుంది, తెరిచి చూస్తే గడువు దాటి ఏడాది అయి ఉంటుంది. రిజిస్టరు ప్రకారం అన్నీ ఉన్నట్టే. కానీ అయిదు నిమిషాల లెక్కలో అవి లేనట్టే. ఈ ఒక్క మందుకు తాళం ఉండకూడదు. సూది వేసే బల్ల మీద, అందరికీ తెలిసిన చోట, ఎండ తగలని పెట్టెలో ఉండాలి.

ఇందుకు కొత్త పథకమూ అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. గ్రామ సభలో ఎవరైనా లేచి అడగదగిన ప్రశ్న ఇది. ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, ప్రైవేటు క్లినిక్కులోనైనా, ఊళ్లో సూది వేసే మరే చోటనైనా, సిరంజిలోకి మందు లాగుతుండగా రోగి తరపు మనిషి ఒక్క మాట అడగవచ్చు: "ఇది పడకపోతే వేసే మందు దగ్గర ఉందా?" ఉందంటే సంతోషం. లేదంటే, జ్వరానికి వేసే సూది బదులు బిళ్ల అడిగి పుచ్చుకుని ఇంటికి రావడమే క్షేమం.